రాత్రి పదకొండింటికి క్లయింట్ మెసేజ్ వస్తే

కొత్తగా కౌన్సెలర్లైనవాళ్లకు సూపర్‌విజన్ చేస్తుంటాను, అంటే వాళ్ల కేసుల గురించి వాళ్లతో కూర్చుని మాట్లాడతాను. నోట్స్ తెరిచేముందు అడిగేది ఒకటే: "ఈ వారం ఇందులో రాయకుండా వదిలేసిందేమైనా ఉందా?" ఉంటే ఆ గంట దానికే. కౌన్సెలర్‌కీ క్లయింట్‌కీ మధ్య ఉండాల్సిన హద్దు జారిన సంగతి తరచు అక్కడే బయటపడుతుంది.

మొదటి సెషన్‌లోనే సమయం, ఫీజు, రద్దు నియమం, మెసేజ్‌లు ఎందుకు పెట్టొచ్చో చెప్పి కాగితం మీద కూడా ఇవ్వండి. "మీరు చెప్పింది ఈ గది దాటదు" అని మాత్రం మాటివ్వకండి. ప్రాణాపాయం ఉంటే దాటాల్సి రావచ్చు. టారాసాఫ్ కేసులో 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, క్లయింట్ వల్ల మూడో మనిషికి ముప్పుంటే ఆ మనిషిని కాపాడేందుకు తగిన చర్య తీసుకోవాల్సిన బాధ్యత థెరపిస్టుదేనంది. చట్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మీకు వర్తించేదేమిటో తొలి క్లయింట్ రాకముందే కనుక్కోండి.

ఇక అసలు తలనొప్పి మెసేజ్‌లు. "నిద్ర పట్టట్లేదు, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అని రాత్రి పదకొండింటికి వస్తుంది. జాలిపడి నలభై నిమిషాలు మాట్లాడతారు. మర్నాడు మళ్లీ వస్తుంది. మూడోరోజు మీరు ఫోన్ తీయకపోతే ఆ మనిషికి అది తిరస్కారమే. అలవాటు చేసింది మీరు, దెబ్బ తగిలింది వాళ్లకు. నేనైతే ఇలా రాయమంటాను: "మీ మెసేజ్ చూశాను. గురువారం సెషన్‌లో దీని గురించే మొదలుపెడదాం. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం మొదటిరోజు ఇచ్చిన అత్యవసర నంబరుకు ఇప్పుడే ఫోన్ చేయండి." ప్రమాదం ఉందనిపిస్తే గురువారం దాకా ఆగొద్దు, వెంటనే కదలండి. లేదంటే గురువారం మీరే గుర్తుచేసి, ఆ రాత్రి ఏం జరిగిందో అడగండి. చాలామంది మొహమాటంతో ఆ ఊసే ఎత్తరు.

హద్దు దాటిన ప్రతిదీ తప్పు కాదు. గుథైల్, గబ్బార్డ్ అనే సైకియాట్రిస్టులు 1993లో దాటడం వేరు, క్లయింట్‌కు హాని చేసేలా ఉల్లంఘించడం వేరని విడదీసి చూపించారు. చిన్నపిల్ల గీసిచ్చిన బొమ్మ తీసుకోండి. ఖరీదైన వాచీ వద్దనండి, కానీ ఇప్పుడే ఎందుకు ఇవ్వాలనిపించిందో అడగకుండా వదలకండి.

క్లయింట్ ప్రేమిస్తున్నానంటే కంగారుపడొద్దు, లోలోపల మురిసిపోనూ వద్దు. ఫ్రాయిడ్ 1915లోనే దీని మీద రాశాడు. లైంగిక సంబంధానికి మాత్రం ఏ సాకూ చెల్లదు. చికిత్స ముగిశాక కూడా అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి ఐదేళ్లు, అక్కడి సైకాలజిస్టుల సంఘం కనీసం రెండేళ్లు నిషేధించాయి. ఆ గడువు ఎప్పుడు తీరుతుందా అని లెక్కపెట్టే కౌన్సెలర్ నా దృష్టిలో ఇప్పటికే ప్రమాదంలో ఉన్నట్టు. ఆ వారమే సూపర్‌వైజర్‌కి చెప్పాలి.

సోషల్ మీడియాలో క్లయింట్ల రిక్వెస్టులు ఒప్పుకోకండి. వాళ్ల ప్రొఫైల్ వెతికి చూడకండి కూడా. వాళ్లు చెప్పని సంగతి మీకు తెలిసిపోతే, తెలియనట్టు కూర్చోవడం చాలా కష్టం.