అమెరికాలో పాత కేసు తర్వాత గన్ హక్కు తిరిగి అడిగే ముందు జాగ్రత్తలు

ముందు కోర్టు క్లర్క్ ఆఫీసు నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. మీకు పడిన శిక్ష కాదు, అందులో రాసిన నేరానికి చట్టం వేయగల గరిష్ఠ శిక్ష ఎంతో చూడాలి. ఒక్కరోజు కూడా జైలుకెళ్లకుండా ప్రొబేషన్‌తో (జైలు బదులు కోర్టు పర్యవేక్షణతో) బయటపడినా సరే, ఏడాదికి మించి జైలు పడగల నేరమైతే తుపాకీ ఉంచుకోవడంపై ఫెడరల్ (కేంద్ర చట్టం) నిషేధం ఉన్నట్టే (రాష్ట్ర చట్టం దాన్ని మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం అని, గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు దాటకపోతే మినహాయింపు). గృహహింస కేసైతే మిస్‌డిమీనర్‌కు కూడా 1996 నుంచి వేరే నిషేధం ఉంది.

శిక్ష ఫెడరల్ కోర్టులో పడిందా? అయితే హక్కులు తిరిగి ఇస్తూ రాష్ట్రం ఇచ్చే ఆర్డర్ సరిపోదు. 1994లో బీచమ్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది.

ఆర్డర్ చేతికొచ్చాక చివరి లైను దాకా చదవండి. తుపాకీ ఉంచుకోకూడదని ఎక్కడైనా ఒక్క వాక్యం ఉంటే మిగతా హక్కులన్నీ వచ్చినా గన్ హక్కు రానట్టే.

ఒకసారి ట్రై చేసి చూద్దామని షాపుకు మాత్రం వెళ్లొద్దు, దయచేసి. షాపులో గన్ కొనేటప్పుడు నింపే 4473 అనే ఫెడరల్ ఫారంలో పాత శిక్ష గురించి సూటిగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అదే కొత్త కేసు. ఆర్డర్ వచ్చేదాకా ఇంట్లో భార్య పేరున ఉన్న గన్ కూడా, దాని లాకర్ తాళం మీకు అందేలా ఉంటే, మీ దగ్గర ఉన్నట్టే లెక్కగట్టొచ్చు.

హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు పాత కేసు లేకపోయినా నిషేధమే, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు గన్ సంగతి కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, ఎందుకంటే రాష్ట్ర కోర్టు రికార్డు చెరిపేసినా ఇమిగ్రేషన్ లెక్కలో ఆ శిక్ష సాధారణంగా అలాగే ఉంటుంది.