ప్రవాహాలూ సుడులూ – 4వ పాఠం: గుండ్రటి కడ్డీ వెనక

పోయిన పాఠంలో సరిహద్దు పొర గురించి చెప్పుకున్నాం. గోడను ఆనుకున్న నీరు గోడకే అంటిపెట్టుకుంటుంది, కాస్త ఎడంగా వెళ్తే పూర్తి వేగం అందుకుంటుంది. 1904లో జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ వివరించిన ఆ పలచటి పొర నుంచే ఈ పాఠంలోని సుడులన్నీ పుడతాయి.

కడ్డీకి ఎదురొచ్చిన నీరు రెండుగా చీలి పక్కలకు మళ్లుతుంది. అక్కడ వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. పక్కలు దాటి వెనక్కి తిరిగేటప్పుడు పీడనం మళ్లీ పెరుగుతుంది కాబట్టి నీరు ఎదురు ఒత్తిడిని నెట్టుకుంటూ పోవాలి. బయటి నీటికి ఆ ఊపు ఉంటుంది. రాపిడికి నీరసించిన సరిహద్దు పొరకు ఉండదు. అది ఆగిపోయి కడ్డీని వదిలేస్తుంది. అలా విడిపోయిన పొర చుట్టుకుంటే సుడి.

ఏ తరహా సుడులు వస్తాయో రెనాల్డ్స్ సంఖ్య చెబుతుంది: వేగాన్ని వ్యాసంతో గుణించి, చలన స్నిగ్ధతతో (ద్రవం లోపలి రాపిడిని దాని సాంద్రతతో పోల్చే కొలతతో) భాగించాలి. 20 డిగ్రీల నీటికి ఈ స్నిగ్ధత సెకనుకు 0.01 చదరపు సెంటీమీటర్లు. ఫలితం సుమారు 5 లోపు ఉంటే సుడులే ఉండవు. 47 దాకా రెండు సుడులు కడ్డీ వెనక జంటగా అతుక్కుని ఉంటాయి. అది దాటితే ఎడమొకటి, కుడొకటి వంతులవారీగా ఊడిపోతాయి. దీన్నే కార్మన్ సుడుల వరస అంటారు.

వంతులు ఎందుకు? పాఠం మొత్తంలో నిదానంగా చదవాల్సింది ఇదే. ఎడమ సుడి పెరిగేకొద్దీ కుడివైపు పొరను తనవైపు లాక్కుంటుంది. ఆ పొర తిరిగే దిశ వ్యతిరేకం. అది అడ్డుపడగానే ఎడమ సుడికి మేత తెగిపోతుంది, సుడి ఊడి కొట్టుకుపోతుంది. ఈలోగా కుడి సుడి బలపడి, ఎడమ పొరను లాగడం మొదలుపెడుతుంది. అంటే ఒక పక్క సుడిని తెంచేది రెండో పక్కే.

చేసి చూద్దాం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ట్రేలో 4 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోయండి. సన్నటి అభ్రకం పొడి ఒకటిన్నర చెంచా, లిక్విడ్ సోప్ ఒక చుక్క వేసి కలపండి. సోప్ లేకపోతే పొడి పైనే తేలి, అట్టకట్టి, నీటి కదలికను దాచేస్తుంది. 1 సెంటీమీటరు వ్యాసమున్న కడ్డీని నిలువుగా, అడుగుకు తగలకుండా పట్టుకుని, 10 సెంటీమీటర్లకు 5 సెకన్ల చొప్పున లాగండి. అంటే సెకనుకు 2 సెంటీమీటర్లు, రెనాల్డ్స్ సంఖ్య 200.

మొదట జంట సుడులే కనిపిస్తాయి. కంగారుపడి వేగం పెంచకండి. బయలుదేరగానే కడ్డీని ఒక్కసారి కాస్త పక్కకు కదిపితే వంతులు త్వరగా మొదలవుతాయి. ఆ తర్వాత మాత్రం చెయ్యి ఊగకూడదు, ఊగితే సుడులు చేతి ఊపుకే లయ కలుపుతాయి. ట్రే మీద అడ్డంగా స్కేలు పెట్టి దాని వెంట లాగడం మేలు. ప్రతిసారీ నీళ్లు పూర్తిగా నిలిచేదాకా ఆగండి, పాత సుడులు మిగిలి ఉంటే వరస చెదిరిపోతుంది.

ఇప్పుడు లెక్క. సెకనుకు ఒక పక్క ఊడే సుడుల సంఖ్యను వ్యాసంతో గుణించి వేగంతో భాగిస్తే స్ట్రౌహల్ సంఖ్య. ఇక్కడ అది 0.2కి దగ్గరగా ఉంటుంది. అంటే ఒక పక్క పది సెకన్లకు సుమారు 4 సుడులు. గాలిలో తీగ పాడేదీ ఈ సూత్రంతోనే: 3 మిల్లీమీటర్ల తీగ మీద సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే సుమారు 670 హెర్ట్జ్. తీగ బిగింపు ఈ లెక్కలోకి రాదని చెక్ భౌతిక శాస్త్రవేత్త స్ట్రౌహల్ 1878లోనే గమనించాడు.

అభ్యాసం: కడ్డీ వెనకభాగానికి 6 సెంటీమీటర్ల పొడవున్న పలచటి ప్లాస్టిక్ రేకును, నీటి లోతంతా వచ్చేలా అతికించి, అదే వేగంతో లాగండి. రెండు పొరల మధ్య గోడ లేచినట్టే. వంతులు ఆగిపోతాయి, లేదా రేకు చివర దాటాక బలహీనంగా మొదలవుతాయి. రేకును సెంటీమీటరు చొప్పున కత్తిరిస్తూ, సుడుల వరస ఏ పొడవు దగ్గర తిరిగి వచ్చిందో రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో ఆ అంకెతోనే పని.