టికెట్ కొట్టకముందే వయసు చెప్పండి: పెద్దవాళ్ల రాయితీలు వాడుకోవడం ఎలా

మా నాన్నకి 60 నిండి రెండేళ్లు దాటేవరకు బస్సులో రాయితీ ఉంటుందన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నరసన్నపేట నుంచి విశాఖకి కంటి చూపింపుకని తిరిగినన్నాళ్లూ పూర్తి ఛార్జీయే కట్టారు. ఒకరోజు పక్క సీటాయన చొక్కా జేబులోంచి ఆధార్ తీసి, కండక్టర్ నోరు తెరవకముందే "సీనియర్ సిటిజన్ ఒకటి" అన్నారు. ఆయన టికెట్ మీద పడిన ఛార్జీ చూసి నాన్న కూడా గబగబా సంచిలో వెతికి ఆధార్ తీశారు గానీ, అప్పటికే మిషన్‌లోంచి పూర్తి టికెట్ వచ్చేసింది. "ముందే చెప్పాలి కదండీ, కొట్టేశాను" అన్నారు కండక్టర్. అది నిజమే, చెప్పాల్సింది మేమే. ఆ రోజు నుంచి నేను నాన్నకీ అమ్మకీ ఎక్కడెక్కడ ఏమేం తగ్గుతుందో ఒక్కొక్కటే కనుక్కుంటూ వచ్చాను, మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆధార్ బయటికి తీసి పుట్టిన తేదీ చూడండి. మన పక్క పల్లెల్లో పెద్దవాళ్ల ఆధార్‌లో చాలావాటిలో సంవత్సరం ఒక్కటే ఉంటుంది, లేదా జనవరి 1 అని ఉంటుంది, అప్పట్లో తేదీ తెలియక నోటికొచ్చింది చెప్పి రాయించేశారు. పాన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో మరొకటి ఉంటే రాయితీ దగ్గరే కాదు, పెన్షన్ దగ్గరా ఇన్సూరెన్స్ దగ్గరా కూడా తిరగాల్సి వస్తుంది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి తొందరపడి సెంటర్‌కి వెళ్లొద్దు. టెన్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, సర్వీసు పెన్షన్ కాగితం లాంటిది ఏదైనా ఉందేమో ఇంట్లో పాత ట్రంకు పెట్టెలు వెతికి, ఏ తేదీ ఉంచుకోవాలో ఖాయం చేసుకున్నాకే వెళ్లండి. సచివాలయంలో సీనియర్ సిటిజన్ కార్డుకి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉంటే మంచిదే, లేకపోయినా చాలాచోట్ల ఆధార్‌తోనే పని జరిగిపోతుంది. జిరాక్సు కాకుండా అసలు కార్డే దగ్గర ఉంచుకోవాలి. మా నాన్న ఇప్పుడు చిన్న ప్లాస్టిక్ కవరులో ఆధార్, కళ్లజోడు చీటీ, రోజూ వేసుకునే మందుల పేర్లు రాసిన కాగితం కలిపి జేబులో పెట్టుకుంటున్నారు.

ఇక బస్సు. ఏపీఎస్‌ఆర్టీసీలో 60 దాటినవాళ్లకి ఛార్జీలో 25 శాతం తగ్గిస్తారు. కరోనా సమయంలో ఆపేసి 2022లో మళ్లీ ఇచ్చారు. అప్పట్లో ఆపేశారు కదా అని ఇప్పటికీ అడగనివాళ్లు ఉన్నారు, అడగండి. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు కూడా ప్రయాణికుడి వివరాల దగ్గర సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవాలి, వయసు వేసేస్తే అదే తగ్గిపోతుందని అనుకోవద్దు. ఆడవాళ్ల సంగతి వేరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అన్ని వయసులవాళ్లకీ ఉచితమే, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. కానీ నాన్‌స్టాప్, సూపర్ లగ్జరీ లాంటివాటికి ఇది లేదు, ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లే బస్సుల్లాగా రాష్ట్రం దాటేవాటికీ లేదు. మా అమ్మ ఇది తెలియక శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో విశాఖ నాన్‌స్టాప్ ఎక్కేసి ఫ్రీ అనుకుంది, డబ్బులడిగేసరికి కంగారుపడి దిగిపోబోయింది. అలాంటి బస్సులో ఆమెకి సీనియర్ రాయితీ పనికొస్తుంది. "అరవై మూడు నిండాయి బాబూ" అని ఆధార్ చూపిస్తే చాలు. ఒళ్లు బాగాలేనప్పుడు ఎక్స్‌ప్రెస్ ఫ్రీ కదా అని రద్దీలో నిలబడి వెళ్లేకంటే, నాన్‌స్టాప్‌లో ముప్పావు ఛార్జీ పెట్టి కూర్చుని వెళ్లడమే మేలు, ఇది నా మాట.

రైలు టికెట్ ధరలో పెద్దవాళ్లకి ఇప్పుడు తగ్గింపు ఏమీ లేదు. అంతకుముందు మగవాళ్లకి 60 ఏళ్లు నిండితే 40 శాతం, ఆడవాళ్లకి 58 నిండితే 50 శాతం ఉండేది, 2020 మార్చిలో తీసేశారు. మళ్లీ ఇచ్చేశారంటూ వాట్సాప్‌లో నెలకోసారి ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది, కౌంటర్లో అడిగి చూసుకోకుండా నమ్మొద్దు. డబ్బు తగ్గకపోయినా కింది బెర్త్ మాత్రం దొరుకుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది డబ్బుకంటే ఎక్కువ. 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి ప్రతి బోగీలో కొన్ని లోయర్ బెర్త్‌లు విడిగా ఉంచుతారు. ఐఆర్‌సీటీసీలో కోటా దగ్గర జనరల్ బదులు లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్ అన్నది ఎంచుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ కోటాలో ఒక టికెట్ మీద ఇద్దరికి మించి ఉండకూడదు. అమ్మ, నాన్న, నేను కలిసి ఆమదాలవలస నుంచి సికింద్రాబాద్ వెళ్లినప్పుడు ముగ్గురికీ ఒకే టికెట్ తీశాను, నాన్నకి పై బెర్త్ పడింది. నిచ్చెన మీద రెండో మెట్టు దగ్గర ఆయన కాలు వణకడం చూశాక ఇంకెప్పుడూ అలా తీయలేదు. వాళ్లిద్దరికీ ఒక టికెట్, నాకు వేరే టికెట్. అప్పటికీ పైదే పడితే రైలెక్కాక టీటీఈని అడగండి, ఎవరైనా రాకపోయి కింది బెర్త్ ఖాళీగా ఉంటే ఇచ్చే వీలు ఆయనకి ఉంది.

బ్యాంకులో వడ్డీ విషయం కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. చాలా బ్యాంకులు 60 దాటినవాళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి మామూలు వడ్డీ మీద అర శాతం ఎక్కువ ఇస్తాయి. 5 లక్షల మీద అర శాతం అంటే ఏడాదికి 2,500. డిపాజిట్ వేసిన రోజున 59 ఏళ్లుంటే మధ్యలో 60 నిండినా ఆ డిపాజిట్ వడ్డీ దానంతట అది పెరగదు, కాలం తీరి మళ్లీ వేసినప్పుడే కొత్త రేటు. జాయింట్‌గా వేసేటప్పుడు పెద్దవాళ్ల పేరు మొదట ఉండాలి, కొడుకు పేరు ముందు రాయించి అమ్మ పేరు రెండోది పెడితే ఆ అర శాతం రాదు. మా బంధువుల్లో ఒకరికి సరిగ్గా ఇదే జరిగి మూడేళ్లు పోయాయి. పాస్‌బుక్కు పట్టుకుని వెళ్లి "ఇది సీనియర్ రేటేనా?" అని ఒక్క మాట అడగండి, బాండ్ కాగితం మీద రేటు రాసి ఉంటుంది, చూపించమనండి.

పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 60 నిండినవాళ్లు 30 లక్షల వరకు వేసుకోవచ్చు, ఐదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి రేటు 8.2 శాతంగా వచ్చింది, ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు చూసుకుంటుంది కాబట్టి వేసే రోజున అడిగి వేయండి. ఆ రేటుకి 10 లక్షలు వేస్తే మూడు నెలలకి 20,500 వస్తుంది, మందులకీ కరెంటు బిల్లుకీ పిల్లల్ని అడగక్కర్లేదు. వడ్డీ మీద టీడీఎస్, అంటే బ్యాంకే ముందుగా కోసేసే పన్ను సంగతి కూడా ఉంది. 2025 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే కోస్తారు. దాటేలా ఉండి, మొత్తం లెక్క చూసుకుంటే పన్ను పడనివాళ్లు ఏప్రిల్‌లోనే మాకు పన్ను పడదని బ్యాంకుకి డిక్లరేషన్ ఇచ్చేయాలి, అందరూ 15హెచ్ అని పిలిచేది అదే. కోసేశాక వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి.

వైద్యం ఖర్చుకి 70 నిండినవాళ్లు ముందు చేయించుకోవాల్సింది ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 అక్టోబరులో మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకి. షుగరు, బీపీ ముందునుంచే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆధార్‌తోనే చేస్తారు, 14555కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఓపీ చీటీకి, బయట కొనే మందులకి ఇది పనికిరాదు. చేరేముందు ఆ ఆసుపత్రి ఈ పథకంలో ఉందా, మన జబ్బుకి అక్కడ ఈ పథకం కింద చేస్తారా అని రెండూ అడగాలి. మంచం మీద పడ్డాక కార్డు కోసం పరుగెత్తడం చాలా కష్టం, బాగున్నప్పుడే చేయించేయండి.

నెలనెలా మందులకి జన ఔషధి దుకాణం వెతకండి, అక్కడ అదే మందు పెద్ద కంపెనీ పేరు లేకుండా తక్కువ ధరకి అమ్ముతారు, ఇది వయసుతో సంబంధం లేకుండా అందరికీ. డాక్టరు చీటీలో కంపెనీ పేరు ఉంటుంది, దుకాణంలో అసలు మందు పేరు అడుగుతారు. పాత స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఆ పేరూ మిల్లీగ్రాములూ ఉంటాయి, ఉదాహరణకి టెల్మిసార్టాన్ 40 అని. ఆ స్ట్రిప్ పారేయకుండా తీసుకెళ్లి చూపించండి, ధర పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. మార్చేముందు డాక్టర్‌తో ఒక మాట చెప్పడం మాత్రం మరవొద్దు. మామూలు మందుల షాపుల్లోనూ ల్యాబుల్లోనూ పెద్దవాళ్లకి తగ్గించేవాళ్లు ఉంటారు, కానీ బిల్లు కొట్టకముందే అడగాలి. ఒక ల్యాబులో అమ్మకి పరీక్షలు చేయించి డబ్బు కట్టేశాక గోడ మీద సీనియర్లకి తగ్గింపు అన్న కాగితం చూశాను. అడిగితే బిల్లు అయిపోయిందన్నారు.

చిన్నవి కొన్ని ఉన్నాయి. 60 దాటినవాళ్లకి కొత్త పాస్‌పోర్టు దరఖాస్తు ఫీజులో 10 శాతం తగ్గుతుంది, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. తిరుమలలో 65 దాటినవాళ్లకి ఉచితంగా విడిగా దర్శనం కోటా ఉంది, నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఆ రోజు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. మా నాన్న కూడా మొదట్లో "యాభై రూపాయలకేటి అడుగుతాం" అనేవారు. నెలకి రెండుసార్లు రానూపోనూ లెక్క వేసి కాగితం మీద రాసి చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు. ఇప్పుడు కండక్టర్ దగ్గరికి రాకముందే కార్డు చేతిలో పట్టుకుంటున్నారు.

ఇంకొక్కటి, ఇది తప్పకుండా మీ ఇంట్లో చెప్పండి. సీనియర్ కార్డు ఇస్తాం, పెన్షన్ పెంచుతాం, ఓటీపీ చెప్పండి అని ఫోన్ వస్తే పెట్టేయాలి. పైన రాసినవాటిలో ఏ ఒక్కదానికీ ఎవరూ ఫోన్ చేసి ఓటీపీ అడగరు. ఒకవేళ చెప్పేసి డబ్బు పోతే వెంటనే, అదే గంటలో సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి. పెద్దవాళ్లకి ఇంకేదైనా సాయం కావాలంటే వాళ్ల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఆ నంబరు వాళ్ల ఫోన్‌లో మీరే సేవ్ చేసి, ఒకసారి నొక్కించి చూపించండి.