మెదడులో తేడా ఎక్కడ వచ్చింది? లక్షణం, కారణం, చేయాల్సిన పని

మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో మనిషికి ఉన్నట్టుండి చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు "గాలి సోకింది" అంటారు, కాకపోతే "నరాల బలహీనత" అంటారు. ఆ పేర్లతో ఏమీ తేలదు. మెదడు కేజీన్నర లోపే ఉంటుంది, అందులో ఒక్కో భాగం ఒక్కో పని చూసుకుంటుంది. ఏ పని ఆగిపోయిందో గమనిస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో చాలావరకు తెలుస్తుంది. అది నిమిషాల్లో వచ్చిందా, నెలల మీద వచ్చిందా అన్నది చూస్తే ఎంత తొందరపడాలో తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి ఈ రెండే.

మూతి వంకరపోయింది, చెయ్యి లేవడం లేదు

ఒళ్లు కదిలించే ఆజ్ఞలు నుదుటి వెనక ఉండే ముందు భాగం నుంచి వస్తాయి. దాన్ని ఫ్రంటల్ లోబ్ అంటారు. దాని వెనకే, నడినెత్తి కింద, స్పర్శ తెలుసుకునే పరైటల్ లోబ్ ఉంటుంది. మెదడు ఎడమ సగం కుడి ఒంటిని, కుడి సగం ఎడమ ఒంటిని నడుపుతాయి. అందుకే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతే తేడా మెదడు ఎడమ వైపు ఉన్నట్టు. ఉన్నట్టుండి ఇలా జరిగిందంటే ఎక్కువగా అది స్ట్రోక్, అంటే పక్షవాతం. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండాలి, లేదా నాళం చిట్లి ఉండాలి.

అనుమానంగా ఉంటే ఇలా చూడండి. మనిషిని కూర్చోబెట్టి, రెండు అరచేతులూ పైకి ఉండేలా చేతులు ముందుకు చాపించి, కళ్లు మూసుకోమనండి. పది లెక్కపెట్టేలోపు ఒక చెయ్యి మెల్లగా కిందికి జారుతూ, అరచెయ్యి లోపలికి తిరిగిపోతే అనుమానం బలపడినట్టే. తర్వాత పళ్లు చూపించమనండి. "కవిటి కొబ్బరి తోట" అని పలకమనండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి.

మూతి ఒక్కటే వంకరపోయి, ఆ వైపు నుదురు ముడతపడక, కన్ను కూడా మూతపడకపోతే అది మెదడు జబ్బు కాకుండా ముఖ నరం వాపు కావచ్చు. దానికి 3 రోజుల్లోపు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే మంచి గుణం కనిపిస్తుంది. కానీ ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే, ఇంట్లో తేల్చుకుని ఊరుకోకండి.

అన్నిటికంటే ముఖ్యం టైమ్. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. రాత్రి బాగానే పడుకుని తెల్లారి ఇలా లేస్తే, ఆఖరిసారి బాగున్నట్టు ఎవరు, ఎన్నింటికి చూశారో ఆ టైమ్ చెప్పండి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైనే. అక్కడివాళ్లకు ఒడిశాలోని బరంపురమే దగ్గర. విజయనగరం వాళ్లకు విశాఖ సుమారు 60 కిలోమీటర్లు. 24 గంటలూ సీటీ స్కాన్ ఉండి, ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఇంట్లో అందరూ బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. మాత్ర, మంచినీళ్లు, చోడి అంబలి, ఏదీ నోట్లో పోయకండి. మింగే శక్తి దెబ్బతిని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గడ్డ కట్టిందో నాళం చిట్లిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది కాబట్టి ఆస్ప్రిన్ ఇవ్వకండి. ఇంట్లో ఉన్న బీపీ మాత్ర వేసి బీపీ దించాలని చూడకండి. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని చూద్దాం అనుకున్నా, పసరు మందుకి తీసుకెళ్లినా, పావురం రక్తం రాస్తూ కూర్చున్నా ఆ నాలుగున్నర గంటలు కళ్ల ముందే కరిగిపోతాయి. దీని గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. షుగర్ ఉన్న మనిషైతే షుగర్ చూడమని 108 సిబ్బందికి చెప్పండి, షుగర్ బాగా పడిపోయినా అచ్చం స్ట్రోక్‌లాగే కనిపిస్తుంది.

మాట తేడా వచ్చింది

ఇందులో రెండు రకాలు. ఒకటి, ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది గానీ మాట పెగలదు. "నీళ్లు... నీళ్లు..." దగ్గరే ఆగిపోతారు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమ ముందు భాగంలో దెబ్బ చూశాడు. రెండోది, మాట ధారాళంగా వస్తుంది గానీ దానికి అర్థం ఉండదు, మనం చెప్పేదీ ఎక్కదు. చెవి వెనక వైపు, ఎడమ టెంపోరల్ లోబ్‌లో తేడా వస్తే ఇలా జరుగుతుంది. 1874లో దీన్ని వివరించింది జర్మనీకి చెందిన వెర్నికే. ఈ రెండో రకం వాళ్లనే "ఏటో పలుకుతున్నాడు, దెయ్యం పట్టింది" అని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు. ఉన్నట్టుండి వస్తే ఇదీ స్ట్రోకే, 108కే ఫోన్ చేయాలి.

తర్వాత కోలుకోవడానికి స్పీచ్ థెరపీ ఉంది. ఇచ్ఛాపురం, మందస వైపు చాలా ఇళ్లలో తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి. రెండు భాషలూ ఒకేలా దెబ్బతినాలని లేదు, ఒకేసారి తిరిగి రావాలనీ లేదు. ముందు ఏది వస్తే అందులోనే మాట్లాడించండి. తప్పు పలికితే నవ్వకండి, తొందరపెట్టకండి.

తల తిరుగుతోంది, నడక తూలుతోంది

మెడ పైన, తల వెనక కింది భాగంలో సెరిబెల్లమ్ ఉంటుంది. మెదడు బరువులో ఇది పదో వంతే అయినా మొత్తం న్యూరాన్లలో, అంటే నరాల కణాల్లో, సగానికి పైగా ఇందులోనే ఉంటాయి. ఒళ్లు తూలకుండా నిలబెట్టడం, కదలికలు పొందిగ్గా సాగేలా చూడటం దీని పని. మందు ఎక్కువైనవాడు తూలేది కూడా ఇది మత్తులో పడటం వల్లే.

మంచం మీద పక్కకు తిరిగినప్పుడు నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోతే ఎక్కువగా లోపలి చెవి సమస్య. ఈఎన్‌టీ డాక్టర్ తలను కొన్ని భంగిమల్లో తిప్పి సరిచేస్తారు. ఆగకుండా తిరుగుతూ, నిలబడలేక, ఒకటి రెండుగా కనపడుతూ, మాట ముద్దగా వస్తుంటే మాత్రం సెరిబెల్లమ్ లేదా దాని ముందున్న బ్రెయిన్ స్టెమ్ అనుకోవాలి. ఊపిరి, గుండె వేగం, మింగడం బ్రెయిన్ స్టెమ్ చేతిలో ఉంటాయి. ఆలస్యం పనికిరాదు.

చూపు సంగతీ అంతే. కళ్లు బాగానే ఉండి, రెండు కళ్లకూ ఒకే వైపు సగం ఉన్నట్టుండి కనపడకపోతే తేడా తల వెనక ఉండే ఆక్సిపిటల్ లోబ్‌లో ఉండొచ్చు. కళ్లజోడు షాపుకి కాకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఫిట్స్ వచ్చాయి

మెదడు కణాల్లో విద్యుత్ ప్రసారం అదుపు తప్పితే ఫిట్స్ వస్తాయి. పాత దెబ్బ, జ్వరం, కణితి, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో తరచూ కనిపించేది బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే తిత్తులు. ఆ గుడ్లు కడగని కూరగాయలు, మురికి చేతుల ద్వారా కడుపులోకి పోతాయి, కాబట్టి మాంసం ముట్టనివాళ్లకూ రావచ్చు.

చేతిలో తాళాల గుత్తి పెట్టినంత మాత్రాన ఫిట్స్ ఆగవు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, గుత్తి వల్ల ఆగాయనుకుంటాం. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, నోట్లో ఏదీ పెట్టకండి, టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటితే 108. మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. అదుపులోకి వచ్చేదాకా కొబ్బరి చెట్టు ఎక్కడం, వేటకు సముద్రంలోకి వెళ్లడం, బండి నడపడం మానుకోవాలి.

మతి తప్పుతోంది, మనిషి మారిపోయాడు

కొత్త జ్ఞాపకాలు నిలబడాలంటే టెంపోరల్ లోబ్ లోపల ఉన్న హిప్పోకాంపస్ కావాలి. వయసు మీద పడిందిలే అని వదిలేసే ముందు సరిచేయగలిగే కారణాలు వెతకండి. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. నూతి దగ్గర కాలు జారి తలకు చిన్న దెబ్బ తగిలిన పెద్దవాళ్లకు కొన్ని వారాల తర్వాత మగతగా, అయోమయంగా ఉంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు. ఆపరేషన్‌తో తీసేయొచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రెండు మూడు రోజుల్లోనే మత్తుగా, తికమకగా మారితే ఒంట్లో యూరియా పెరిగిందేమో చూడాలి. డయాలసిస్ తప్పిందేమో అడగండి.

నెమ్మదస్తుడు నోటికొచ్చినట్టు తిట్టడం, సిగ్గు లేకుండా ప్రవర్తించడం, డబ్బు తెలివి లేకుండా ఖర్చు చేయడం మొదలుపెడితే ఫ్రంటల్ లోబ్ వైపు చూడాలి. 1848లో అమెరికాలో ఇనప కడ్డీ తల ముందు భాగం గుండా దూసుకుపోయినా బతికిన ఫినియాస్ గేజ్ అచ్చం ఇలాగే మారాడని అతని డాక్టర్ రాశాడు. ఇంటి పెద్ద ఇలా మారితే పొగరనుకుని మాట్లాడటం మానేయకండి. న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ ఏ సంగతీ తేల్చేదాకా భూమి కాగితాల మీద ఆయన చేత సంతకం పెట్టించకండి.