చెట్టు తలకు ఎండ ఎంత అందుతోందో అంచనా వేయడం ఇలా

నల్లమలలో చెట్ల కొలతలకు కొత్తగా వచ్చే కుర్రాళ్లు ముందు మానుకు టేపు చుడతారు. నేను ముందు తలెత్తి చూడమంటాను. లావుగా ఉన్న మద్దిచెట్టు కూడా పక్కచెట్ల కింద చిక్కి ఎండకు మొహం వాచి ఉండొచ్చు.

వానలు పట్టాక, ఆగస్టు, సెప్టెంబరులో వెళ్లండి. ఎండాకాలంలో టేకు ఆకంతా రాల్చేస్తుంది, చూడ్డానికేమీ మిగలదు. పులుల అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఒకరు పైకి చూస్తుంటే ఇంకొకరు చుట్టూ చూడాలి. ఎలుగుబంట్లు తిరిగే అడవి మరి.

తలకు అందే ఎండకు మార్కులు వేయడానికి 1958లో అటవీ నిపుణుడు డాకిన్స్ ఉగాండా అడవుల కోసం రాసిన పద్ధతే వాడతాను. పక్కచెట్లను దాటి లేచి, పైనుంచీ పక్కలనుంచీ ఎండ పడితే 5. పక్కలు మూసుకున్నా నెత్తిన మొత్తం పడితే 4. నెత్తిన కొంతమేరే పడితే 3. పైన మూసుకుపోయి పక్కనుంచి మాత్రమే వస్తే 2. నేరుగా ఏ ఎండా తగలకపోతే 1. పేచీ ఎప్పుడూ 3, 2 దగ్గరే. చెట్టు మొదలు దగ్గర నిలబడి తేల్చకండి, దాని కొమ్మలే అడ్డొస్తాయి. పది పదిహేను మీటర్లు వెనక్కి జరిగి రెండు వైపుల నుంచి చూడండి.

తర్వాత ఆకారం. శ్రీశైలం దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదట్లో, మళ్లీ ఆగస్టు మొదట్లో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. డిసెంబరు మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అందుకే ఇక్కడ వెడల్పుగా పరుచుకున్న తలకు లాభం. ఫిన్లాండ్‌లో ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు నిలువునా కోసుగా ఉంటే పక్కలన్నీ ఎండ పడతాయి. ఆ ఆకారానికి మంచు జారిపోవడమూ ఒక కారణమే అనుకోండి.

తల వెడల్పును, అంటే కొమ్మలూ ఆకుల గుబురు వెడల్పును, ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా ఒకసారి కొలిచి సగటు తీయండి. ఆరు మీటర్లు వస్తే గుబురు నీడ సుమారు 28 చదరపు మీటర్లు. గుబురు పొడవు చెట్టు ఎత్తులో ఎంత వంతో కూడా రాసుకోవాలి: 18 మీటర్ల టేకుకు పచ్చని కొమ్మలు 12 మీటర్ల పైనే మొదలైతే మూడో వంతు. ఒంటరిగా పెరిగిన టేకుకు కిందనుంచే కొమ్మలుంటాయి. గుంపులో పెరిగినదానికి నీడపడ్డ కింది కొమ్మలు ఎండి రాలిపోతాయి.

చివరగా కింద నేల చూడండి. ఉసిరి కింద గడ్డి ఉంటే ఆశ్చర్యపోకండి, సన్నాకుల సందుల్లోంచి ఎండ దిగుతుంది. టేకు గుబురుగా ఉన్నచోట గడ్డి పలచబడుతుంది.