కనూ తొడ పట్టీ: కొనేముందు, బిగించేముందు

వైట్‌వాటర్ కనూలో, అంటే నురగలు కక్కుతూ ఉరికే నదిలో తెడ్డుతో నడిపే చిన్న పడవలో, కూర్చునే తీరు దాదాపు వజ్రాసనమే. పడవ నడుమ గట్టి ఫోమ్ పీట (పెడస్టల్) మీద పిరుదులు ఆనించి, మోకాళ్లు అడుగున మోపి, పాదాలు వెనక్కి చాపుతారు. తొడల మీద పట్టీ బిగించి ఉంటేనే మనం వంగినట్టు పడవ వంగుతుంది. పట్టీ లేకపోతే పెద్ద అల తగలగానే మనిషొక పక్క, పడవొక పక్క. కానీ పడవ బోల్తా పడ్డాక కూడా ఆ పట్టీ వదలకపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పట్టీ ఎంత గట్టిగా పట్టుకుంటుందో తర్వాత చూడండి. ఎలా వదులుతుందో ముందు చూడండి.

వదిలే దారులు మూడుండాలి. మొదటిది మన కాళ్లే: చేతులతో పడవ అంచులు నెట్టి, మోకాళ్లు దగ్గరికి తెచ్చి, నడుము వెనక్కి తోస్తే, బకిల్ ముట్టకుండానే తొడలు జారి బయటికి రావాలి. రెండోది బకిల్. మూడోది లైఫ్ జాకెట్‌కు రెండు చేతులకూ అందేచోట పెట్టుకున్న, రంపపు పళ్లున్న కత్తి. మొదటి దారి పని చేయని అమరికలో ఎంత ఖరీదైన బకిల్ ఉన్నా దాన్ని నమ్మకండి.

బకిళ్లలో తరచూ కనిపించేవి రెండు. బ్యాగు ఛాతీ పట్టీకి ఉండేలాంటిది, రెండు పక్కలా నొక్కితే టక్కున ఊడేది ఒకటి. గట్టున హాయిగా ఊడుతుంది. కానీ పడవ బండకు అదుముకుపోయి పట్టీ మీద బరువు పడితే దాన్ని నొక్కడం కష్టం, సందుల్లో ఇసుక చేరితే ఇంకా కష్టం. రెండోది బడి సంచి భుజం పట్టీకి ఉండే నిచ్చెన మెట్ల రకం. దాని ముందు అంచుకు కుట్టిన లాగుడు నాలుకను పైకెత్తితే, బరువు మీద ఉన్నా పట్టీ జారుతుంది. మేం కొనమనేది ఈ రెండోదే. అమెరికాలో అట్లాంటా, షార్లెట్ దగ్గరి మనవాళ్లు వెళ్లే నాంటహేలా నది నీళ్లు ఎండాకాలంలోనూ వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. కాబట్టి ఆ నాలుక గ్లౌజు వేసుకున్న చేతికి కూడా చిక్కేంత పొడుగ్గా, గట్టిగా ఉండాలి.

ఇక్కడే చాలామంది చూడని చిన్న విషయం ఒకటుంది: పట్టీ కొస. జారిపోకుండా ఉండాలని కొందరు తయారీదారులు కొసను మడిచి కుడతారు. అప్పుడు బకిల్ ఎత్తినా పట్టీ వదులవుతుందే తప్ప పూర్తిగా ఊడిరాదు. వదులైన ఆ ఉచ్చులో పాదం ఇరుక్కుంటుంది. కొస మడత లేకుండా ఉండాలి, ముడి అసలే ఉండకూడదు. ఎక్కువైతే కత్తిరించి, నవారు పోగులు ఊడకుండా లైటర్‌తో కాల్చండి. కాల్చినచోట ఉబ్బు కడితే అదే బకిల్‌లో అడ్డం పడుతుంది, కాబట్టి వేడిగా ఉండగానే చెంచా వెనక వైపుతో చదును చేయండి. బిగించాక కొస బెత్తెడు మిగిలితే చాలు.

పట్టీ తొడ మధ్యలో, కాస్త నడుము వైపుకి పడాలి. మోకాలి దగ్గర పడితే కిందికి జారి పిక్కకు చుట్టుకుంటుంది. పట్టీని పడవకు తగిలించే కొక్కేల్లో లోపలిది పెడస్టల్ ముందు అడుగున, బయటిది తుంటి పక్కన పడవ అడుగూ గోడా కలిసే వంపులో ఉంటే, పట్టీ మనల్ని వెనక్కీ కిందికీ లాగి కూర్చోబెడుతుంది. బకిల్ తొడ పైభాగాన ఉండాలి. బయటి పక్కన ఉంటే, పడవ నలిగినప్పుడు తొడకూ గోడకూ మధ్య ఇరుక్కుంటుంది.

కొక్కెం అతికించే తీరు పడవను బట్టి మారుతుంది. రాయలెక్స్ అనే పొరల ప్లాస్టిక్‌తో చేసిన పాత పడవలకు, D ఆకారపు రింగున్న వినైల్ అతుకులను వైనాబాండ్ జిగురుతో అంటించి, ఒక రోజంతా ఆరనివ్వాలి. రాయలెక్స్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి ఇవి ఇప్పుడు పాతవే దొరుకుతాయి, కొనేముందు అతుకుల అంచులు గోరుతో గీరి చూడండి. పాలిథీన్ పడవకు జిగురు సరిగా పట్టదు. తుప్పు పట్టని బోల్టు, వెడల్పాటి వాషరు కావాలి.

బిగువు ఎంతుండాలంటే, కూర్చున్నాక పట్టీ కింద అరచేయి ఆనుకుని దూరాలి, పిడికిలి దూరకూడదు. వదులు పట్టీ బిగువు పట్టీ కంటే ప్రమాదం. నైలాన్ తడిస్తే సాగుతుంది, అందుకే నీళ్లలోకి దిగిన పది నిమిషాలకు మళ్లీ బిగించండి. బూట్లు కూడా చూసుకోండి: లావుపాటి మడమ పెడస్టల్ పక్కనో, కాలి ఆనింపు కిందో పట్టేస్తే, తొడ పట్టీ ఊడినా మనిషి బయటికి రాడు.

నదికి వెళ్లేముందు గడ్డి మీద పరీక్షించండి. పట్టీలో కాలికి బదులు తాడు దూర్చి, ఇద్దరు బలంగా పైకి లాగుతుండగా బకిల్ ఎత్తండి. బకిల్‌లో గుప్పెడు ఇసుక పోసి మళ్లీ ఎత్తండి. తర్వాత నడుము లోతు నిలకడ నీటిలో, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని, పడవ బోల్తా కొట్టించండి: మూడుసార్లు బకిల్ ముట్టకుండా, మూడుసార్లు కుడిచేత్తో, మూడుసార్లు ఎడమచేత్తో, కళ్లు మూసుకుని. ఒక్కసారి తడబడినా కొక్కెం చోటో, పట్టీ పొడవో మార్చి మొదటినుంచి చేయండి. బూట్లు, లైఫ్ జాకెట్, హెల్మెట్ నదిలో వేసుకునేవే వేసుకోండి. కొత్త బూట్లు కొన్న రోజున ఈ పరీక్ష మళ్లీ చేయాలి.