డీఎంఎక్స్ లైట్లు చెప్పినట్టు వినకపోతే: లక్షణం, కారణం, మరమ్మతు

రిసెప్షన్ స్టేజ్ మీద పార్ లైట్లు వాటంతటవే మిణుకుమంటుంటే చాలామంది ముందు లైటు విప్పడానికి స్క్రూడ్రైవర్ తీస్తారు. అది ఆఖరున చేయాల్సిన పని. లైట్లను నడిపే కన్సోల్ నుంచి లైటు నుంచి లైటుకు ఆదేశాలు మోసుకెళ్ళే డీఎంఎక్స్ 512 లైనులో తప్పు మామూలుగా కేబుల్లోనో, కనెక్టర్లోనో, అడ్రస్‌లోనో ఉంటుంది. ఒక మల్టీమీటరు, బాగుందని తెలిసిన పొట్టి డీఎంఎక్స్ కేబుల్, లైను చివర గుచ్చే రెసిస్టర్ ప్లగ్, అంటే ఒక టెర్మినేటర్ దగ్గరుంటే చాలా తప్పులు ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం) ఎక్కకుండానే దొరికిపోతాయి.

లైట్లన్నీ ఫ్లికర్ అవుతున్నాయి, మూవింగ్ హెడ్లు వణుకుతున్నాయి

మూవింగ్ హెడ్లంటే మోటార్లతో తల తిప్పే లైట్లు. చివరి లైట్లలో వణుకు ఎక్కువగా ఉంటే మొదట టెర్మినేటర్ ఉందో లేదో చూడండి. డీఎంఎక్స్ డేటా సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో వెళ్తుంది. లైను చివర దాన్ని పీల్చుకునేది లేకపోతే సిగ్నల్ తిరిగి వెనక్కి కొట్టి, వెనకాల వచ్చే డేటాను పాడుచేస్తుంది. టెర్మినేటర్ కొనాల్సిన పనిలేదు. ఒక మేల్ ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ సోల్డర్ చేసి, 1వ పిన్నును ఖాళీగా వదిలేయండి. దాన్ని ఆఖరి లైటు అవుట్‌లో గుచ్చాలి. మధ్యలో ఎక్కడా పెట్టకూడదు.

పెట్టాక లైను కొలవండి. కన్సోల్ దగ్గర కేబుల్ ఊడదీసి, ఆ కొస మీద 2, 3 పిన్నుల మధ్య మీటరు పెట్టండి. 120 ఓమ్‌లకు దగ్గరగా చూపాలి. లైట్లు ఎక్కువుంటే కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు. 60 దగ్గర చూపితే ఎక్కడో రెండో టెర్మినేటర్ ఉంది. సున్నాకు దగ్గరైతే షార్ట్. అసలేమీ చూపకపోతే ఒక వైరు తెగింది, లేదా కనెక్టర్ సరిగా కూర్చోలేదు. 1వ పిన్నుకూ మిగతా రెంటికీ మధ్య షార్ట్ ఉండకూడదు.

టెర్మినేటర్ ఉన్నా వణుకు పోకపోతే మైక్ కేబుల్ వాడారేమో చూడండి. మూడు పిన్నులవే కాబట్టి సౌండ్ వాళ్ళ పెట్టెలోంచి తీసి కలిపేస్తుంటారు. పొట్టి దూరంలో అది నడిచిపోతుంది. దూరం పెరిగి, లైట్లు పెరిగాక మొరాయిస్తుంది. డీఎంఎక్స్‌కు కావాల్సింది 110 నుంచి 120 ఓమ్‌ల ఇంపిడెన్స్ ఉన్న కేబుల్. మైక్ కేబుల్ కెపాసిటెన్స్ ఎక్కువ, అందుకే చదరపు అంచులతో బయల్దేరిన సిగ్నల్ అవతలికి చేరేసరికి అరిగిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: పొరపాటున లైటు కేబుల్ ఫాంటమ్ పవర్ వేసి ఉన్న మిక్సర్‌లోకి వెళ్తే 48 వోల్టులు లైటు లోపలి డేటా చిప్‌ను కాల్చేయగలవు. డీఎంఎక్స్ కేబుళ్ళ రెండు కొసలకూ ఒకే రంగు టేపు చుట్టి ఉంచండి.

చౌక రకం ఎల్ఈడీ పార్‌లతో ఇంకో కారణం తరచుగా ఎదురవుతుంది. ఏదో ఒక లైటు ఆటో మోడ్‌లోనో, సౌండ్ మోడ్‌లోనో, మాస్టర్‌గానో మిగిలిపోతుంది. అది కన్సోల్‌తో పోటీపడి తన డేటాను లైనులోకి పంపుతుంది. దాంతో బాగున్న లైట్లు కూడా పిచ్చిగా ఆడతాయి. ప్రతి లైటు డిస్‌ప్లే చదివి, అన్నిటినీ డీఎంఎక్స్ మోడ్‌లోకి తెండి.

ఇవన్నీ అయ్యాక కూడా తప్పు దొరకకపోతే లైనును సగానికి విడగొట్టండి. 16 లైట్లుంటే 8వ దాని అవుట్‌లో టెర్మినేటర్ పెట్టండి. మొదటి ఎనిమిదీ కుదురుగా ఉంటే తప్పు అవతలి సగంలో ఉన్నట్టు; ఇంకా వణుకుతుంటే ఇవతలే. అదే పద్ధతిలో నాలుగు, రెండు, ఒకటి. నాలుగు విడతల్లో తప్పున్న చోటు తెలిసిపోతుంది. ఒక చివర నుంచి ఒక్కొక్క కేబుల్ మార్చుకుంటూ పోతే గంట గడిచిపోతుంది.

ఒక లైటు దాటాక మిగతావి పలకడం లేదు

ఆ రెండు లైట్ల మధ్య కేబుల్ మార్చి చూడండి. కేబుల్ మారిస్తే సరిపోయిందంటే పాత దాని కనెక్టర్లు విప్పండి: షీల్డ్ 1వ పిన్నుకు, డేటా మైనస్ 2కు, డేటా ప్లస్ 3కు రావాలి. 2, 3 తారుమారైతే ఆ తర్వాతి లైట్లు చచ్చిపడి ఉంటాయి, లేదా అర్థంపర్థం లేకుండా ఆడతాయి. షీల్డ్‌ను కనెక్టర్ డొక్కుకు కలపకండి. ట్రస్‌కు తగిలితే ఎర్త్ లూప్ అవుతుంది. 5 పిన్నుల కన్సోల్ నుంచి 3 పిన్నుల లైటుకు అడాప్టర్ చేసేటప్పుడూ ఇవే నంబర్లు. 4, 5 వదిలేయాలి.

వినాయక చవితి పందిళ్ళలో వానకు తడిసిన జాయింట్లు కూడా ఇలాగే చేస్తాయి. కనెక్టర్ జోడీని నేల మీద పడేయకుండా, కింద కేబుల్ వంపు తిరిగేలా పైకి కట్టండి. నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

వై కేబుల్‌తో లైనును రెండుగా చీల్చకండి. రెండు వైపులకు వెళ్ళాలన్నా, ఒక లైనులో 32 లైట్లు దాటినా స్ప్లిటర్ (సిగ్నల్‌ను విడివిడి లైన్లుగా పంచే పెట్టె) పెట్టాల్సిందే, అదీ ఒక లైను కరెంటు తప్పును ఇంకో లైనుకు పాకనివ్వని ఆప్టో ఐసొలేషన్ ఉన్నది.

ఒక లైటు వేరే రంగు వేస్తోంది, లేదా పక్క ఫేడర్‌కు కదులుతోంది

అడ్రస్ (లైటు తన డేటాను చదవడం మొదలుపెట్టే ఛానెల్ నంబరు) లేదా ఛానెల్ మోడ్ (లైటు వాడుకునే ఛానెళ్ళ సంఖ్య) తప్పు. 7 ఛానెళ్ళ పార్‌లకు అడ్రస్‌లు 1, 8, 15, 22 అలా సాగుతాయి. వాటిలో ఒకటి 4 ఛానెళ్ళ మోడ్‌లో ఉంటే ఎరుపు అడిగితే ఇంకేదో వస్తుంది. చిన్న 192 ఛానెళ్ళ కన్సోల్ ఒక్కో లైటుకు 16 ఛానెళ్ళు కేటాయిస్తుంది కాబట్టి అక్కడ 1, 17, 33, 49 పెట్టాలి. డిప్ స్విచ్‌ల లైటైతే విలువలు 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపవుతూ పోతాయి: 33 కావాలంటే 1వ, 6వ స్విచ్‌లు ఆన్ చేయాలి.

షార్పీల (సన్నటి బీమ్ వేసే మూవింగ్ హెడ్ల) దగ్గర లెక్క చూసుకోండి. 16 ఛానెళ్ళవైతే ఒక యూనివర్స్‌లో, అంటే ఒక డీఎంఎక్స్ లైను మోసే 512 ఛానెళ్ళలో, సరిగ్గా 32 పడతాయి. 20 ఛానెళ్ళ మోడ్‌లో 25తోనే 500 అయిపోతాయి. 26వది 501లో మొదలై 512తో ఆగిపోతుంది, దాని ఆఖరి 8 ఛానెళ్ళు పలకవు. దాన్ని రెండో యూనివర్స్‌కు మార్చండి.

ల్యాప్‌టాప్ నుంచి ఆర్ట్‌నెట్ నోడ్‌కు డేటా రావడం లేదు

ఆర్ట్‌నెట్ డీఎంఎక్స్ డేటాను నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి; దాన్ని మళ్ళీ డీఎంఎక్స్‌గా మార్చే పెట్టె నోడ్. వైఫై ఆపేయండి. ల్యాప్‌టాప్, నోడ్ రెంటికీ 2 తో మొదలయ్యే వేర్వేరు ఐపీలు, సబ్‌నెట్ మాస్క్ 255.0.0.0 పెట్టండి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 6454 తెరవండి. అప్పటికీ రాకపోతే యూనివర్స్ నంబరు చూడండి: ఆర్ట్‌నెట్ 0 నుంచి లెక్కిస్తుంది, చాలా సాఫ్ట్‌వేర్లు 1 నుంచి చూపుతాయి. నోడ్ పెట్టాకే కొన్ని పాత లైట్లు మిణుకుమనడం మొదలైతే నోడ్‌లో ఆర్‌డీఎం (అదే లైను మీద లైట్లతో ఇరువైపులా మాట్లాడే సదుపాయం) ఆపండి. ఆ ప్యాకెట్లను అవి మామూలు డేటా అనుకుంటాయి.

షార్పీ ల్యాంప్ వెలగడం లేదు

వేడి మీద డిశ్చార్జ్ ల్యాంప్ మళ్ళీ అంటుకోదు. కరెంటు పోయి వస్తే పది నిమిషాలకు పైగా చల్లారనివ్వండి. ప్రోగ్రాం అయ్యాక ముందు కన్సోల్ నుంచి ల్యాంప్ ఆఫ్ చేసి, ఫ్యాన్లు తిరగనిచ్చి, ఆ తర్వాతే మెయిన్ తీయండి.

మూవింగ్ హెడ్ మాటిమాటికీ రీసెట్ అవుతోంది

రవాణా కోసం వేసిన ప్యాన్, టిల్ట్ లాక్ తీశారా? తీసి ఉంటే వోల్టేజీ కొలవండి, అదీ లైట్లన్నీ ఫుల్‌లో ఉన్నప్పుడు, ఆఖరి లైటు సాకెట్ దగ్గర. ఖాళీగా ఉన్నప్పుడు 230 చూపిన సన్న వైరు లోడ్ పడగానే దిగిపోతుంది. ఎల్ఈడీలను, మూవింగ్ హెడ్లను డిమ్మర్ ప్యాక్ (లైటుకు వెళ్ళే కరెంటును తగ్గించే పెట్టె) నుంచి ఎప్పుడూ నడపకండి.

త్రీ ఫేజ్ జనరేటర్ మీద ఒక ఫేజ్ 180 వోల్టులు, ఇంకోటి 270 చూపిస్తే న్యూట్రల్ వదులైనట్టే. ఆ క్షణమే మెయిన్ దించేయండి. డిస్ట్రిబ్యూషన్ బాక్స్‌లో న్యూట్రల్ లగ్ బిగించి, మూడు ఫేజ్‌లూ ఒక్కొక్కటిగా న్యూట్రల్‌కు కొలిచి, మూడూ సమంగా వచ్చాకే లైట్లకు కరెంటు ఇవ్వాలి.